అరవై అయిదో కళ

కోటి విద్యలూ కూటి కొరకే అన్నారు పెద్దలు. ఆ లెక్కన కూడు లేనివాడికే ముందు విద్యలన్నీ నేర్పాలి. పెద్దలు ఏదో తొందరలో అని ఉంటారు. లోకం ఆ పొరపాటు ఎప్పుడో దిద్దుకుంది: ముందు కూడు, ఆ తర్వాతే కళ. కడుపు నిండిన ఇంటి పద్నాలుగేళ్ల పిల్లకి సోమవారం పియానో, బుధవారం చిత్రలేఖనం, శనివారం నాటకం. ఆదివారం, పాపం, వీటన్నిటి వల్ల వచ్చిన ఒత్తిడి తగ్గడానికి మట్టితో కుండలు చేసే తరగతి.

అలాగని లేనింటి పిల్లకి కళలు అందడం లేదనడం శుద్ధ అబద్ధం. మన చతుష్షష్టి కళల జాబితా తిరగేయండి. వంట ఉంది, కుట్టుపని ఉంది, బుట్టలల్లడమూ ఉంది. పొద్దున్నే లేచి నీళ్లు మోసి, వండిపెట్టి, చంటివాణ్ని చంకనేసుకుని, వీలుంటే బడికి పోయే పిల్ల చేస్తున్నది కఠోర సాధనే కదా! పైగా ఫీజు కూడా లేదు. ఇక ఏమీ లేకుండా సర్దుకుపోవడమనే అరవై అయిదో కళలో ఆమెకి సాటి ఎవరు?

ప్రభుత్వాలూ చేతులు ముడుచుకు కూర్చోలేదు. పిల్లలకి కళల్లో పాలుపంచుకునే హక్కు ఉందనీ, అందుకు సమాన అవకాశాలు కల్పించాలనీ 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం రాసిపెట్టుకున్నాయి. ఐక్యరాజ్యసమితి సభ్యదేశాల్లో అమెరికా తప్ప అందరూ దాన్ని ధ్రువీకరించారు. అమెరికా 1995లో సంతకం చేసి అక్కడే ఆగింది. చేవ్రాలు కూడా లలితకళే కాబట్టి దాన్నీ తప్పుపట్టలేం.

ఇంగ్లండుది మరీ నిజాయితీ. బడులను తూచడానికి 2010లో ఈబ్యాక్ అనే కొలబద్ద తెచ్చింది. అందులో ఇంగ్లిష్, లెక్కలు, సైన్సు, ఇంకో భాష, చరిత్ర లేదా భూగోళం పెట్టింది. సంగీతం, నాటకం, బొమ్మలు పెట్టలేదు. ఆ తర్వాత కళల పరీక్షలు రాసేవాళ్లు తగ్గిపోయారు. భారీ ఫీజుల బడుల్లోని నాటకశాలలకి మాత్రం ఏ కొలబద్దా తగల్లేదు.

2022లో దేశదేశాల పిల్లల చదువుల్ని పోల్చి చూసే పీసా పరీక్షలవాళ్లు 15 ఏళ్ల పిల్లల సృజనాత్మక ఆలోచనకి కూడా మార్కులు వేశారు. సింగపూర్ మొదట నిలిచింది. ఆ ముచ్చట అలా ఉంచండి. కలిగిన ఇళ్ల పిల్లలకి లేనిళ్ల పిల్లల కన్నా ఎక్కువ మార్కులొచ్చాయి. ఊహకి రెక్కలుంటాయని కవులు కోతలు కోశారు గానీ, దానికి కావలసింది ఓ విడి గది, ఓ ఖాళీ సాయంత్రం, "ఏం గీశావమ్మా, చూపించు" అని అడిగే తీరిక ఉన్న నాన్న. ఇవి ఉన్న పిల్లలకి 'ప్రతిభ' ఉందంటాం. లేని పిల్లలకి 'ఆసక్తి లేదు' అని రిపోర్టులో రాస్తాం.

పరాగ్వేలో కాతేఉరా అనే చోట చెత్తకుప్ప పక్కన పెరిగిన పిల్లలు నూనె డబ్బాతో చేసిన సెల్లో వాయించారు. దేశదేశాలూ తిరిగి కచేరీలు చేశారు. చూసిన పెద్దమనుషులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, కళ్లు తుడుచుకున్నారు, సంకల్పం ఉంటే వాయిద్యం ఎందుకని తీర్మానించుకుని ఇళ్లకి పోయారు. తమ పిల్లలకి మాత్రం ఇప్పటికీ కర్ర సెల్లోలే కొంటున్నారు. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. డబ్బా నాదం అంత మధురమైతే, ఆ భాగ్యం ధనికుల బిడ్డలకి ఎందుకు దక్కకూడదు?

సమానత్వమే కావాలని ఇంకా మొండికేసేవాళ్లకి అఫ్గానిస్తాన్ చూపిస్తాను. 2023లో హెరాత్‌లో తాలిబన్లు వాయిద్యాలను కుప్పపోసి తగలబెట్టారు. ఆ మంట దగ్గర ఉన్నవాడూ లేనివాడూ ఒకటే.

నా వంతుగా ఓ ప్రతిపాదన. ప్రపంచ యువ కళాకారుల పోటీ పెడదాం. దేశం చూడం, రంగు చూడం, ప్రవేశ రుసుము అసలే లేదు. వయొలిన్ మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి. పదేళ్ల అభ్యాసం కూడా.