పైలట్ గారికో ప్రశ్న

కాంటెంపరరీ చాంబర్ మ్యూజిక్, అంటే కొద్దిమందే కూర్చుని వాయించే ఈకాలపు పాశ్చాత్య సంగీతం, ఆ కచేరీల్లో వాయించేది ఎనిమిది నిమిషాలు, దానికి ముందు ఈ వాయిద్యాలే ఎందుకు అన్న ఉపన్యాసం పాతిక నిమిషాలు, ఈ రూలు ఎవడు పెట్టాడో తెలిస్తే చెప్పండి. "ఈ కృతి కాంట్రాబాస్ ఫ్లూటుకీ, అకార్డియన్‌కీ, చేతి రంపానికీ, నీళ్ళు పోసిన గాజు గ్లాసులకీ" అని లిస్టు చదవగానే హాల్లో చప్పట్లు. ఒక్క స్వరం పలకలేదు బాబూ ఇంకా! పెళ్ళిలో ఐటమ్స్ బోర్డు చదివి త్రేన్చినట్టుంది.

వాయిద్యం అరుదైనదైతే సంగీతం గొప్పదైపోతుందట. సరే, ఆ లెక్కన అందర్లోకీ గొప్పాయన జర్మన్ కంపోజర్ స్టాక్‌హౌజెన్. ఆయనకి కలలో హెలికాప్టర్లు కనిపించాయి. మనమైతే లేచి కాఫీ తాగి మర్చిపోతాం, ఆయన స్ట్రింగ్ క్వార్టెట్ రాశాడు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో, నలుగురూ తలో హెలికాప్టర్ ఎక్కి గాల్లో తిరుగుతూ వాయించాలి, ఒకరిది ఒకరికి వినపడి చావదు కాబట్టి తాళం కోసం చెవుల్లో టిక్ టిక్, జనమేమో కింద కూర్చుని స్క్రీన్ల మీద చూస్తూ తీగల మోతా రెక్కల మోతా కలిపి స్పీకర్లలో వినాలి. సాల్జ్‌బర్గ్ ఉత్సవంలో జరగాల్సింది, అక్కడ కుదర్లేదు, 1995 జూన్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆర్డిట్టి క్వార్టెట్ వాళ్ళు పాపం నిజంగానే ఎక్కారు. అయిపోయిందనుకున్నారా? దిగాక సభ ఉంది. వాయించినవాళ్ళతో పాటు పైలట్లని కూడా కూర్చోబెట్టి ప్రశ్నలడగాలి, అదీ కంపోజర్ పెట్టిన నియమమే. పైలట్‌ని ఏమడుగుతారండీ? "సార్, మధ్యలో మీ ఫ్యాను శృతి కాస్త తగ్గినట్టనిపించింది, భావం కోసమా?" అంటే ఆయన "లేదండీ, ఎదురుగాలి" అంటాడు, హాలంతా ఆహా అని తలలూపుతుంది, వెనక వరసలో ఒకాయన 'ఎదురుగాలి' అని నోట్‌బుక్‌లో రాసుకుని కింద గీత గీస్తాడు, ఇంకొకావిడ లేచి ఫుల్ ట్యాంక్‌కీ సగం ట్యాంక్‌కీ నాదంలో తేడా ఉంటుందా అంటుంది, ఉంటుందట, వచ్చే ఏడాది దానిమీద ఎవరో పీహెచ్‌డీ.

ఇంకో కంపోజర్ లిగెటి నయం. 1962లో 100 మెట్రోనోములకి (తాళం తప్పకుండా టిక్ టిక్ కొట్టే యంత్రాలు) ఒక కృతి రాశాడు, కీ ఇచ్చి వదిలేస్తే టకటకా కొట్టుకుని ఒక్కోటీ ఆగిపోతాయి, అంతే సంగతి. అదీ ఆయన కావాలని చేసిన వెక్కిరింపే. తర్వాతి ఏడాది నెదర్లాండ్స్‌లో తొలి ప్రదర్శన అయ్యాక టీవీలో వేయాల్సిన ప్రసారం ఆపేసి ఫుట్‌బాల్ మ్యాచ్ వేశారు. ఆ నిర్ణయం తీసుకున్న ఆఫీసరుకి శాలువా కప్పాలి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ ఈ ఉపన్యాసాల చివర్లో ప్రతివాడూ ఫ్రెంచి కంపోజర్ మెసియాన్‌ని లాక్కొస్తాడు చూడండీ, అక్కడ ఒళ్ళు మండుతుంది. "ఆయన కూడా క్లారినెట్, వయొలిన్, చెల్లో, పియానో అని అరుదైన కాంబినేషన్ ఎంచుకున్నారు కదా, మాదీ ఆ బాటే." ఎంచుకున్నాడా?! 1940లో జర్మన్లకి పట్టుబడ్డ యుద్ధఖైదీ ఆయన. గోర్లిట్జ్ క్యాంపులో తోటి ఖైదీల్లో దొరికింది క్లారినెట్ వాయించేవాడొకడు, వయొలిన్ వాయించేవాడొకడు, చెల్లో వాయించేవాడొకడు, పియానోకి తనున్నాడు, ఉన్నవాళ్ళకి రాశాడు. 1941 జనవరి 15న ఆ చలిలో ఖైదీల ముందే వాయించారు. క్లారినెట్ పట్టుకున్న ఆన్రీ అకోకా యూదుడు, తర్వాత ఖైదీల రైల్లోంచి ఆ క్లారినెట్ చంకలో పెట్టుకునే దూకి పారిపోయాడు. మన బ్యాండు మేళంలో కూడా ఉండే మామూలు క్లారినెట్ అది, దాన్ని అరుదు అంటూ, గ్రాంటు డబ్బుల్తో కొన్న రంపం పక్కన నిలబెట్టి, వాళ్ళూ మేమూ ఒకటే అంటావా? సిగ్గుండక్కర్లా? ఆ మనిషికి ఇంకో దారి లేదురా, నీకు కేటలాగు ఉంది.

ముందు వాయించు. బావుంటే ఆ రంపం ఎక్కడ కొన్నావో మేమే అడుగుతాం.