రక్తపరీక్ష బాగుంటే జబ్బు లేనట్లేనా?
రక్తపరీక్షలో తేడా లేకపోతే పిల్లలకు కీళ్లవాతం లేనట్లేనని నేను చదివిన ఒక వ్యాసంలో రాసిన మాటతో నేను ఏకీభవించలేను. మా పాపకు నాలుగేళ్లప్పుడు ఎడమ మోకాలు వాచింది. కీళ్లవాతం కోసం చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష నెగటివ్ వచ్చిందని, ఎదిగే వయసు నొప్పులేనని చెప్పి పంపేశారు. ఆ నొప్పులు సాయంత్రమో రాత్రో వస్తాయి, తెల్లారేసరికి పిల్లలు గెంతుతుంటారు. మా పాపది తారుమారు. పొద్దున మంచం దిగి గోడ పట్టుకుని కుంటుతూ నడిచేది, పదింటికల్లా మామూలుగా ఆడుకునేది. నొప్పి అని ఒక్కసారీ అనలేదు. బడి ఎగ్గొట్టడానికి నాటకమని మా అత్తగారి తీర్పు! నిజానికి ఈ జబ్బున్న పిల్లల్లో ఎక్కువమందికి ఆ ఫ్యాక్టర్ నెగటివే వస్తుంది. 16 ఏళ్లలోపు మొదలైన కీలు వాపు 6 వారాలైనా తగ్గకపోవడం, వేరే కారణం లేదని తేలడం, డాక్టరు స్వయంగా కీలు వంచి చూడటం, వీటితోనే నిర్ధారిస్తారు. వ్యాసంలో కంటి ఊసే లేదు. ఈ జబ్బున్న పిల్లలకు ఎరుపు, నొప్పి ఏమీ లేకుండానే కంటి లోపల యువైటిస్ అనే వాపు రావచ్చు. ఆ ముప్పు ఎక్కువని సూచించే ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష మా పాపకు పాజిటివ్ కాబట్టి 3 నెలలకోసారి స్లిట్ ల్యాంప్ అనే యంత్రంతో కంటి లోపల చూసే పరీక్ష చేయిస్తున్నాం. ఇంతవరకు కళ్లు బాగానే ఉన్నాయి, ఆ యంత్రం మీద గడ్డం ఆనించి కదలకుండా కూర్చోవడమే దానికి పెద్ద శిక్ష.