ఊరికే కూర్చున్నానట!

పొద్దున్నే మా పిన్ని వచ్చింది. నా మొహం చూసి, "రాత్రంతా కుర్చీలోనే కదా కూర్చున్నావు, బస్తాలు మోసినట్టు ఆ నీరసం ఏంటే?" అంది. అప్పట్నుంచీ ఒళ్ళు మండిపోతోంది. పెద్దావిడని ఏమీ అనలేక ఇక్కడ రాస్తున్నా.

అమ్మకి ఆపరేషనై ఇవాళ్టికి ఐదో రోజు. గట్టిగా పిలిచే ఓపిక లేదు. ఏదైనా కావాలంటే మంచం పట్టె మీద వేలితో తడుతుంది, అంతే. ఆ 'టక్' కోసం రాత్రంతా చెవులు రిక్కించుకుని కూర్చున్నా. ఫ్యాను హోరులో కలిసిపోతుందేమోనని ఫ్యాను తగ్గించా. ఫ్రిజ్ మోటారు ఆగినా ఉలిక్కిపడ్డా. అమ్మ ఒక ఊపిరి వదిలి ఇంకోటి తీసుకునేదాకా నా ఊపిరి బిగబట్టే ఉండేది. దీన్ని ఊరికే కూర్చోవడం అంటారా?

మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అని చిన్న భాగం ఉంటుంది. నీలి మచ్చ అని ఆ పేరుకి అర్థం. అక్కడి నుంచి నోరడ్రినలిన్ అనే రసాయనం మెదడంతా అందుతుంటేనే మనం ఇలా కాచుకుని ఉండగలం. చప్పుడు వచ్చాక మొదలయ్యే పని కాదిది. వచ్చిన ప్రతి చప్పుడూ 'అదేనా' అని చూసుకోవాలి, కాకపోతే వదిలేయాలి, మళ్ళీ కాచుకోవాలి. రాత్రంతా ఇదే పని!

మా తమ్ముడేమో "పడుకో అక్కా, చప్పుడైతే మెలకువ వస్తుందిలే" అన్నాడు. నిద్రలో ఉన్నా మిగతా పేర్లకంటే సొంత పేరుకి మెదడు ఎక్కువగా స్పందిస్తుందని 1960లోనే గమనించారు, నిజమే. కానీ పేరు పెట్టి పిలిచే ఓపిక అమ్మకి ఉంటే కదరా!

రాడార్ ముందు కూర్చునేవాళ్ళు సిగ్నల్స్ ఎందుకు మిస్సవుతున్నారో తేల్చడానికి నార్మన్ మాక్‌వర్త్ అనే సైకాలజిస్టు బ్రిటన్‌లో పరీక్షలు చేసి, 1948లో ఫలితాలు ప్రచురించాడు. మొదటి అరగంట దాటేసరికే మనుషులు సిగ్నల్స్ ఎక్కువగా మిస్సవడం మొదలైంది. అరగంట పని, అరగంట విశ్రాంతి ఇస్తే మాత్రం సిగ్నల్స్ పట్టుకోవడం తగ్గలేదు.

అరగంట! నేను పాత ఉద్యోగంలో, నైట్ డ్యూటీలో, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆరు గంటలు ఏకబిగిన అలారం బీప్ కోసం కూర్చునేదాన్ని. ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి ఒక్క బీప్ మిస్సయ్యా. అందరి ముందూ నిలబెట్టి "నిద్రపోయావా?" అని అడిగారు. నిద్రపోలేదు సార్. కళ్ళు తెరిచే ఉన్నాను. ఆ మాటే చెప్పాను, ఎవరూ నమ్మలేదు. అంతకుముందు రాత్రుళ్ళలో నేను పట్టుకున్న బీపుల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఎనిమిదేళ్ళయినా ఆ నిలబడ్డం మర్చిపోలేకపోతున్నా. పొద్దున పిన్ని మాట సరిగ్గా అక్కడే తగిలింది.

పిన్నీ, ఇది నీకు ఎవరో ఒకరు చూపిస్తారని తెలుసు. ఇవాళ రాత్రి వచ్చి ఆ కుర్చీలో నువ్వు కూర్చో. ఫ్యాను ఒకటి మీదే ఉంచు. అమ్మ ఎడమ చేత్తో తడుతుంది, గోడవైపు. చాలా మెల్లగా.