సవరణ: ఇస్రో రాకెట్ ఎల్‌వీఎం3 వదిలేది నీటి ఆవిరి ఒక్కటే కాదు

"ఎల్‌వీఎం3 హైడ్రోజన్‌తో నడుస్తుంది, కాబట్టి వదిలేది నీటి ఆవిరే" అని ముందటి పోస్టులో రాశాను. అది తప్పు, నాదే పొరపాటు. ఇస్రో ప్రచురించిన వాహన వివరాల ప్రకారం ద్రవ హైడ్రోజన్ వాడేది పైనున్న సీ25 దశ ఒక్కటే. ఆక్సిజన్‌తో కలిపినా ఆ ఇంధనం సుమారు 28 టన్నులే. శ్రీహరికోటలో రాకెట్‌ను నేల మీంచి లేపేవి రెండు ఎస్200 బూస్టర్లు. ఒక్కోదానిలో 200 టన్నులకు పైగా ఘన ఇంధనం ఉంటుంది: అమోనియం పర్‌క్లోరేట్, అల్యూమినియం పొడి, వాటిని పట్టి ఉంచే రబ్బరు లాంటి హెచ్‌టీపీబీ. ఇవి మండితే హైడ్రోజన్ క్లోరైడ్, అల్యూమినా రేణువులు వస్తాయి. ప్రయోగ వేదిక దగ్గర హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు తేమతో కలిసి ఆమ్లమవుతుంది. అసలు చూడాల్సింది పైన: ఓజోన్ పొర ఉండే స్ట్రాటోస్ఫియర్ దాటేదాకా బూస్టర్లు మండుతూనే ఉంటాయి. అక్కడ కడిగేయడానికి వాన ఉండదు, ఆ వాయువులోని క్లోరిన్ ఓజోన్‌ను తినేస్తుంది.