38వ ఫోటో

36 ఫోటోల రీలులో 37వ ఫోటో కూడా పడితే, రీలు ఎక్కించేటప్పుడు మనం చూపిన పొదుపుకు అది ప్రతిఫలమని సంతోషించవచ్చు. 38వది కూడా పడితే మన హస్తవాసి గురించి నలుగురికీ చెప్పుకోవచ్చు. ఆ రోజు నేను రెండు పనులూ చేశాను. చెప్పుకోవడానికి వెచ్చించిన ఆ కొద్ది నిమిషాలూ నోరు మూసుకుని, కెమెరా ఎడమ భుజం మీద, రీలును వెనక్కి చుట్టడానికి ఉన్న రివైండ్ నాబ్ వంక ఒక్కసారి చూసి ఉంటే, మా మామగారి 80వ పుట్టినరోజు గురించి మా ఇంట్లో ఇప్పటికీ ఇంత చర్చ జరుగుతూ ఉండేది కాదు.

ఫిల్ము కెమెరా వ్యసనం నాకు పట్టి అప్పటికి ఏడాది దాటింది. జార్జి ఈస్ట్‌మన్ 1888లో తన మొదటి కోడక్ కెమెరాను అమ్మేటప్పుడు ‘మీరు మీట నొక్కండి, మిగతాది మేం చూసుకుంటాం’ అని ప్రకటించాడు. అందులో 100 ఫోటోలకు సరిపడే రీలు ముందే ఎక్కించి ఉండేది. అవి అయిపోయాక కెమెరాను ఉన్నదున్నట్టుగా కంపెనీకి పంపితే, వాళ్ళే ఫోటోలు కడిగి, కొత్త రీలు ఎక్కించి తిరిగి పంపేవారు. మనుషులు సుఖపడడానికి ఆయన అంత చక్కని ఏర్పాటు చేసి పోతే, ఆ ‘మిగతాది’ కూడా నేనే చూసుకుంటానని పట్టుబట్టినవాణ్ణి నేను. రీలు నేనే ఎక్కించాలి, నేనే తియ్యాలి, నేనే కడగాలి. ఊరికే తీసిన ఫోటో కంటే స్వయంగా కడిగిన ఫోటో వెయ్యి రెట్లు గొప్పదని నా సిద్ధాంతం. సిద్ధాంతాలున్న మనిషి ఇంట్లో ఉంటే మిగిలినవారు ఎంత జాగ్రత్తగా మసలుకోవాలో మావాళ్ళకు అప్పటికింకా తెలియదు.

పుట్టినరోజుకు 12 మంది చేరారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు ఉన్నాయి. వాటన్నిటినీ ఒక బల్ల మీద పెట్టించి, ఫోనులో తీసిన వెయ్యి ఫోటోలను ఎవరూ రెండోసారి చూడరనీ, ఈ ఒక్కరోజుకు మాత్రం 36 ఫోటోలే ఉంటాయనీ, ప్రతిదీ ఆలోచించి తీసినదై మునిమనవల కాలం దాకా నిలుస్తుందనీ చిన్న ఉపన్యాసం ఇచ్చాను. “బావా, ఎందుకైనా మంచిది, నేను కూడా ఒకటి రెండు తీసి పెడతాను” అన్నాడు మా బావమరిది. ‘ఎందుకైనా మంచిది’ అనే మాటే కళకు మొదటి శత్రువని అతనికి నచ్చజెప్పి, ఆ ఫోను కూడా బల్ల మీద పెట్టించాను. ఈ వాక్యం రాస్తూ ఉంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతున్నాయి.

ఫోటో తీయడానికి నాకు సమయం పడుతుంది. చేతి మీటరును ఒక్కొక్కరి ముఖం దగ్గరా పెట్టి వెలుతురు కొలవాలి, ఆ లెక్క ప్రకారం అపెర్చరూ షట్టరు వేగమూ మార్చుకోవాలి, ఈలోగా మబ్బు వస్తే మళ్ళీ మొదటి నుంచి కొలవాలి. మామగారు, ఫోటో అంటే కదలకూడదనుకునే కాలం నాటి మనిషి కావడం వల్ల, నేను కెమెరా ఎత్తగానే ఊపిరి బిగబట్టేవారు. నేను ఒకసారి కొలిచి, సందేహం వచ్చి రెండోసారి కొలిచేసరికి ఆయన ముఖం రంగు మారేది. నలుపు తెలుపు రీలు కాబట్టి ఫరవాలేదనుకున్నాను. “వదలమంటావా అల్లుడూ?” అని ఆయన పెదవులు కదపకుండా అడిగేవారు. “ఒక్క క్షణం, మామయ్యగారూ” అనేవాణ్ణి.

ఇలా 36 అయ్యాయి. రీలు చివరి కొస డబ్బాలోని ఇరుసుకు అంటించి ఉంటుంది కనుక, ఫిల్ము అయిపోగానే, దాన్ని ముందుకు జరిపే లీవరు సగంలోనో ఆరంభంలోనో బిగుసుకుపోవాలి. నాది బిగుసుకోలేదు. 37 పడింది, 38 పడింది. “రీలును పొదుపుగా ఎక్కించడం కూడా ఒక విద్యే” అని బావమరిదితో అన్నాను. వాపును చూసి బలుపనుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణను నేనింతవరకూ ఎక్కడా చూడలేదు. కెమెరాలో అంకెలు చూపించే బిళ్ళ లెక్కపెట్టేది లీవరును ఎన్నిసార్లు తిప్పామన్నదే గాని, ఫిల్ము ఎంత కదిలిందన్నది కాదు. లోపల రీలు ఉన్నా లేకపోయినా దాని లెక్క అది చెప్పుకుంటూ పోతుంది. ఆ తరువాత రీలును వెనక్కి చుట్టబోతే నాబ్ దూదిలా తిరిగింది. మామూలుగా వేళ్ళకు తగలవలసిన బిగువు తగలలేదు, చివర్లో కొస ఊడివచ్చినప్పటి చిన్న కుదుపూ తెలియలేదు. పాతకాలపు యంత్రాల పనితనం ఎంత నునుపుగా ఉంటుందో కదా అని మురిసిపోయాను.

రాత్రి పదకొండింటికి స్నానాలగదిలో దూరి, తలుపు కింది సందులో తువ్వాలు కుక్కి, కిటికీకి నల్లగుడ్డ కట్టాను. ఫిల్ము కడిగేటప్పుడు ఎర్రదీపం వెలుగుతూ ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఆ దీపం కాగితం మీద ఫోటోలు అచ్చువేసేటప్పటిది. ఆ కాగితానికి ఎరుపు కనిపించదు; ఈ ఫిల్ముకు మాత్రం ఎరుపుతో సహా అన్ని రంగులూ కనిపిస్తాయి కాబట్టి, దాన్ని వెలుగు చొరని చిన్న తొట్టిలో పెట్టి మూత బిగించేదాకా కటిక చీకటి ఉండవలసిందే. ఈ సంగతి తెలిసిన కొద్దిమందిలో నేనొకణ్ణని గర్వపడుతూ దీపం ఆర్పాను. ఆర్పగానే కత్తెర ఎక్కడ పెట్టానో మరిచిపోయాను.

కత్తెర లేకపోతే రీలు మొదట్లో సన్నగా ఉండే నాలుకను కత్తిరించడం కుదరదు. అయినా వెనకడుగు వేయలేదు. సీసా మూతలు తీసే పరికరంతో డబ్బా మూత ఊడదీసి, ఫిల్మును అంచులతో పట్టుకుని, స్పైరల్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. రెండు పళ్ళేల వంటి చక్రాల మధ్య గాడిలో ఫిల్ము కొస దూర్చి, ఒక చక్రాన్ని ముందుకూ వెనక్కూ తిప్పుతూ ఉంటే, లోపల ఉండే చిన్న ఉక్కు గుళ్ళు ఫిల్మును పట్టి కొంచెం కొంచెంగా లోపలికి లాగుతాయి. పట్టపగలు, పాడైపోయిన రీలుతో, కళ్ళు తెరిచి చేస్తే ఇది ఒక్క నిమిషం పని. చీకట్లో చేస్తే అరచేతులకు చెమట పడుతుంది, ఆ తడి తగిలితే ఫిల్ము గాడిలో అతుక్కుపోయి అక్కడే భీష్మించుకుంటుంది. తడి తగలకూడని పనికి ఇల్లంతటిలోనూ స్నానాలగదినే ఎంచుకోవడంలోని వివేకం గురించి ఆలోచించడానికి ఆ చీకట్లో నాకు కావలసినంత తీరిక దొరికింది.

పావుగంటకు తలుపు చప్పుడైంది. “ఏమండీ, ఇంకా ఎంతసేపు?”

“అయిపోయింది” అన్నాను. అప్పటికి ఫిల్ము జానెడు ఎక్కి, గాడి తప్పి, మెలికపడి ఉంది.

“నాన్నగారు అడుగుతున్నారు.”

“ఫోటోల గురించా?”

“గది గురించి.”

80 ఏళ్ళ పెద్దమనిషి బయట నిలబడి ఉండగా లోపల మీటరున్నర పొడవున్న పామును చీకట్లో బుట్టలోకి దూర్చడం ఎలా ఉంటుందో అనుభవించినవాడికే తెలుస్తుంది. “ఫరవాలేదమ్మా, పొద్దుటినుంచీ బిగబట్టడం అలవాటైంది” అని మామగారి గొంతు వినిపించింది. ఆ మాట ఏదో మంత్రంలా పనిచేసింది. చేతులు చొక్కాకు తుడుచుకుని మళ్ళీ మొదలుపెడితే, ఫిల్ము చరచరా లోపలికి పోయింది. మూత బిగించి, తలుపు తీసి, తొట్టిని ఒళ్ళో పెట్టుకుని ఆయన వచ్చేదాకా బయట కూర్చున్నాను.

ఆ తరువాతి ముప్పావుగంటలో నేను చేసినంత నిర్దుష్టమైన పనిని నా జీవితంలో మరొకటి చేయలేదు. ఫిల్ము మీద బొమ్మను పైకి తేల్చే మందు, డెవలపర్, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. ఒకటి రెండు డిగ్రీలు పెరిగినా కడిగే సమయం తగ్గించుకోవాలి. మంచుగడ్డలు వేసిన బకెట్లో సీసాను నిలబెట్టి, థర్మామీటరు సరిగ్గా 20 దగ్గర ఆగేదాకా కదలకుండా కూర్చున్నాను. పోసిన తరువాత మొదటి అరనిమిషం ఆపకుండా, ఆపైన నిమిషానికి పది సెకన్ల చొప్పున తొట్టిని తలకిందులు చేస్తూ, ఫిల్ముకు బుడగలు అంటుకోకుండా ప్రతిసారీ దాన్ని నేలకు తాటించాను. ఫిల్ము పూతలో వెలుగు తగిలిన వెండి లవణపు స్ఫటికంలో కంటికి కనిపించని ఒక గుర్తు పడుతుంది, కేవలం కొద్దిపాటి వెండి పరమాణువులు ఒకచోట చేరడమే ఆ గుర్తు. డెవలపర్ ఆ గుర్తున్న స్ఫటికాన్ని మొత్తంగా వెండిగా మారుస్తుంది, గుర్తు లేనిదాని జోలికి పోదు. ఆ రాత్రి అది తన ధర్మాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. తరువాత హైపో పోశాను. మిగిలిపోయిన వెండి లవణాన్ని కరిగించే గుణం దానికి ఉందని ఇంగ్లీషు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1819లో, అంటే ఫోటోగ్రఫీని లోకానికి ప్రకటించిన 1839కి 20 ఏళ్ళ ముందే కనిపెట్టాడు. ఫోటోలు తీయడం ఇంకా ఎవరికీ చేతకాక ముందే, పడని ఫోటోల ఆనవాళ్ళు కరిగించే మందు సిద్ధమైందన్నమాట. ఆయన దూరదృష్టి ఎవరికోసమో నాకు ఐదు నిమిషాల తరువాత అర్థమైంది.

మూత తీసి చూస్తే ఫిల్ము గాజులా ఉంది. ఆ పొడవునా ఒక్క ముఖం లేదు, ఒక్క నీడ లేదు.

ఇలాంటప్పుడు చూడవలసింది అంచులను. ఫిల్ము అంచున ఉండే అంకెలను ఫ్యాక్టరీలోనే వెలుగుతో ముద్రిస్తారు. అవి కూడా డెవలపర్ పడితేనే పైకి తేలుతాయి. అంకెలు కూడా లేకపోతే తప్పు మందులదే: చచ్చిన డెవలపర్ పోశామో, కంగారులో హైపోనే ముందు పోశామో అయి ఉంటుంది. అప్పుడైతే, ఫోటోలు ఉండేవి, మనమే చేతులారా చెరిపేసుకున్నాం అని గౌరవంగా ఏడవవచ్చు. అంకెలుండి బొమ్మ లేకపోతే మాత్రం, ఫిల్ముకు అసలు వెలుగే తగలలేదని అర్థం. దీపం దగ్గరకు తీసుకువెళ్ళి చూశాను. 1 నుంచి 36 దాకా అంకెలన్నీ కాటుకతో దిద్దినట్టు నల్లగా, పొందికగా, ఒక్క మచ్చ లేకుండా ఉన్నాయి. అంటే నా 20 డిగ్రీలు సరైనవే, నా పది సెకన్లు సరైనవే. శూన్యాన్ని నేను శాస్త్రోక్తంగా కడిగాను.

మా ఆవిడ ఫిల్మును ఈ కొస నుంచి ఆ కొస దాకా ఓపికగా చూసి, దయగల మనిషి కనుక, “అంకెలు మాత్రం చాలా బాగా వచ్చాయండీ” అంది.

జరిగినదేమిటంటే, కెమెరాలో రీలు ఎక్కించేటప్పుడు నాలుకను అవతలి ఇరుసు చీలికలో దూర్చాను గాని, వెనక తలుపు మూసేలోగా అది జారిపోయింది. లీవరు తిరిగింది, షట్టరు ప్రతిసారీ చటక్కుమంది, ఫిల్ము మాత్రం ఉన్నచోటు నుంచి కదలలేదు. కాబట్టి 38 ఫోటోలూ పడనే పడ్డాయి, ఒకదాని మీద ఒకటిగా, 36 మిల్లీమీటర్ల పొడవూ 24 మిల్లీమీటర్ల ఎత్తూ ఉన్న ఆ ఒక్క ముక్క మీదే. పైగా అది, తలుపు తెరిచి ఉన్నప్పుడే వెలుగు తగిలి చెడిపోయిన మొదటి ముక్క. కడిగాక బొగ్గులా తయారైంది. మా ఆవిడ ఆ నల్లని కొసను పట్టుకుని, “అయితే ఇందులో అందరూ ఉన్నారా?” అని అడిగింది.

“అందరూ ఉన్నారు, 38 సార్లు” అన్నాను.

అయినా అలవాటు పోదు కదా. నీటి మరకలు పడకుండా చివరి నీళ్ళలో మందు ఒక చుక్క కలిపి ముంచి, కింది కొసకు బరువు క్లిప్పు తగిలించి, దుమ్ము అంటకుండా తలుపులు మూసి, ఆ ఖాళీ ఫిల్మును పద్ధతిగా ఆరేశాను.

“రీలు కడిగావా బావా?” అని తెల్లవారగానే బావమరిది అడిగాడు. “చేతులు కడుక్కున్నాను” అన్నాను. అతడు ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది. బల్ల వైపు ఒక్కసారి చూసి ఊరుకున్నాడు. మామగారు మాత్రం అంతా విని, “దానికేముందోయ్, మళ్ళీ తీద్దాం” అన్నారు.

మరుసటి ఆదివారం 12 మందీ అవే బట్టలు వేసుకుని, అవే కుర్చీల్లో అదే వరుసలో కూర్చున్నారు. ఈసారి ఫోన్లను బల్ల మీద పెట్టమని నేను అడగలేదు, వాళ్ళూ పెట్టలేదు. మొదలుపెట్టే ముందు, పోయినసారి పొరపాటు ఎక్కడ జరిగిందో అందరికీ వివరించి, లీవరు తిప్పినప్పుడల్లా ఈ రివైండ్ నాబ్ దానంతటదే తిరగాలనీ, అది తిరిగితేనే లోపల ఫిల్ము కదులుతున్నట్టనీ కెమెరా ఎత్తి చూపించాను. చూపించకుండా ఉండవలసింది. ప్రతి ఫోటోకూ లీవరు తిప్పగానే, “తిరిగిందా అల్లుడూ?” అని మామగారు అడిగేవారు. “తిరిగింది, మామయ్యగారూ” అనేవాణ్ణి. వెనక వరుసలోంచి ఎవరో ఒకరు, తాము కూడా చూశామని సాక్ష్యం చెప్పేవారు. 36 దగ్గర లీవరు బిగుసుకున్నప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ ఫోటోలన్నీ వచ్చాయి. వెలుతురు సరిగ్గా కుదిరింది, ఫోకస్ వెంట్రుక కూడా తప్పలేదు, మామగారు హాయిగా ఊపిరి పీల్చుకుంటూ కనిపిస్తున్నారు. అయితే 36 ఫోటోల్లోనూ ఒక్కరు కూడా లెన్సు వంక చూడటం లేదు. అందరి కళ్ళూ కొంచెం పైకీ, కొంచెం తమ కుడివైపుకీ తిరిగి, ఆ నాబ్ మీదే నిలిచి ఉన్నాయి. చివరి దానిలో మామగారి నోరు సగం తెరుచుకుని ఉంది. ఆయన ఆ క్షణాన ఏమి అడగబోతున్నారో చూసినవాళ్ళందరికీ తెలుస్తూనే ఉంది.