ఆ మోత ఫైలు తప్పు కాదు

అమెరికా మెటల్ బ్యాండ్ టైప్ ఓ నెగెటివ్ వాళ్ల ఆల్బమ్ 'అక్టోబర్ రస్ట్' (1996) మొదట్లోనే గుయ్‌మంటాంది, ఫైలు ఖరాబైంది, పైగా చప్పగా ఉందని హన్మకొండ మిత్రుడొకరు రాశారు. ఖరాబు కాలేదన్నా. మొదటి ట్రాక్ పేరే 'బ్యాడ్ గ్రౌండ్'. 38 సెకన్లు ఎర్తింగ్ సరిగ్గా లేని మోత తప్ప ఇంకేం ఉండదు. వినేవాళ్లు లేచి వైర్లు కదిలించుకోవాలనే అట్లా పెట్టిండ్రు. 1999లో వచ్చిన వాళ్ల ఇంకో ఆల్బమ్ మొదట్లో సీడీ గీతలు పడి ఎగిరినట్టు వినపడేదీ ఇదే కొంటెతనం.

అనుమానముంటే పాట ఆపి చూడండి. మోత ఆగితే అది రికార్డింగులోది. ఆగకపోతే మీ ఇంటిది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అది 50, 100 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ఆంప్లిఫైయర్, కంప్యూటర్ వేర్వేరు బోర్డుల్లో ఉంటే రెండింటినీ ఒకే బోర్డుకు మార్చండి. మోత పోతుందని మూడో పిన్ను మాత్రం తీసేయకండి, షాక్ కొట్టే ప్రమాదం.

'చప్పగా ఉంది' అనడం మాత్రం నేనొప్పుకోను. వాళ్ల బేస్ గిటార్ అడుగు తీగ దాదాపు 31 హెర్ట్జ్‌కు దిగుతుంది. చిన్న బ్లూటూత్ స్పీకర్ అంత లోతు పలకదు. మంచి హెడ్‌ఫోన్‌లో వినండి. చావు పాటల నడుమ ఆ ఎకసెక్కం, చిందు భాగోతంలో నవ్వించే బుడ్డర్‌ఖాన్ వచ్చినట్టే ఉంటది.