భోగాపురం యూడీఎఫ్ లెక్కలో మన మాట ఎక్కడ?

పౌర విమానయాన శాఖ మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకు కొత్తేమీ కాదు. 2014 నుంచి 2018 దాకా విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు ఆ శాఖ చూశారు. 2024లో అది శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడి చేతికి వచ్చింది. భోగాపురం విమానాశ్రయం కట్టిన జీఎంఆర్ సంస్థ అధినేతదీ మన విజయనగరం జిల్లా రాజామే. ఇంతమంది మనవాళ్లున్నా, టికెట్లో 'ట్యాక్సులు, ఫీజులు' అన్న వరసలో ఏముందో ఇక్కడ పట్టించుకునేవాళ్లు తక్కువ.

ఎకానమీ టికెట్‌పై జీఎస్టీ 5 శాతమే. భద్రత రుసుము దేశీయ ప్రయాణికుడికి 2021 ఏప్రిల్ నుంచి 200 రూపాయలు. కన్వీనియన్స్ ఫీజు అసలు పన్నే కాదు, టికెట్ అమ్మినవాళ్ల జేబులోకి పోతుంది. ఊరిని బట్టి బాగా మారేది యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు, అంటే యూడీఎఫ్. విమానాశ్రయం వాడుకున్నందుకు ప్రయాణికుడు కట్టే రుసుము ఇది.

పెద్ద విమానాశ్రయాల్లో దీన్ని తేల్చేది విమానాశ్రయ ఛార్జీల నియంత్రణ సంస్థ ఎయిరా (AERA). లెక్క ఐదేళ్లకోసారి. పెట్టుబడిపై రాబడి, తరుగుదల, నిర్వహణ ఖర్చు, పన్ను అన్నీ కూడి, షాపులు, పార్కింగ్, ప్రకటనల ఆదాయంలో 30 శాతం అందులోంచి తీసేస్తారు. మిగిలింది విమానాల నుంచి, మన నుంచి రాబట్టాలి. ఖర్చు ఎక్కువ చూపినా, వచ్చే జనాన్ని తక్కువ అంచనా వేసినా తలకు పడేది పెరుగుతుంది. కొత్త విమానాశ్రయానికి రెండూ ఇబ్బందే: అప్పు తాజాగా ఉంటుంది, రద్దీ ఇంకా పుంజుకోదు.

ఆ 30 శాతం నిబంధన 2016 విమానయాన విధానంలోది, అంటే అశోక్ గారి హయాంలోదే. నాకు మాత్రం అది కొరుకుడు పడదు. ప్రయాణికులే లేకపోతే ఆ షాపుల్లో కొనేదెవరు? కంపెనీకి వ్యాపారం పెంచాలన్న ఉత్సాహం ఉండాలి కదా అంటారు. ఉండనివ్వండి. కానీ భోగాపురంలో రైతుల దగ్గర భూమి సేకరించి ఇచ్చింది ప్రభుత్వం. షాపుల ఆదాయంలో మిగతా 70 శాతం కంపెనీకి వదిలేటప్పుడు ఆ సంగతి గుర్తుండాలి.

నవీ ముంబైకి 2025లో ఎయిరా తాత్కాలిక రేటు ఇచ్చింది. దేశంలో తిరిగేందుకు బయల్దేరేవారికి 620 రూపాయలు, విదేశాలకు వెళ్లేవారికి 1,225. ఇదే పద్ధతి ఇక్కడికొస్తే హైదరాబాద్ మీటింగుకి వెళ్లే ఆఫీసర్ కన్నా, గల్ఫ్‌కి పనికి పోయే పలాస వెల్డర్ దాదాపు రెట్టింపు కడతాడు. టెర్మినల్ ఒకటే అయినా సరే.

రేటు ఖరారుకు ముందు ఎయిరా సంప్రదింపుల పత్రం బయటపెట్టి అభిప్రాయాలు అడుగుతుంది. అది లావుపాటి ఇంగ్లిష్ పత్రం. విమాన సంస్థలు, నిర్వాహకులు దానికి లాయర్లతో జవాబు రాయిస్తారు. వెల్డర్ తరఫున ఎవరు రాస్తారు? మన ఎంపీలు, వినియోగదారుల సంఘాలు, వర్తక సంఘాలు రాయాలి. పత్రం సారాంశం తెలుగులో ఇమ్మని అడగడం గొంతెమ్మ కోరికేం కాదు.

ఇంకో మాట. టికెట్ రద్దు చేసుకున్నా, విమానం ఎక్కలేకపోయినా యూడీఎఫ్, పన్నులు తిరిగి ఇవ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ఉంది. ఆఫర్ టికెట్‌కైనా ఇదే వర్తిస్తుంది. చాలామంది అడగరు.